నల్లటేపు గ్లౌజు

మరుగుదొడ్లు కడిగే గ్లౌజుతో ఒక మనిషి నోట్లో ముద్ద పెట్టడం నేను నా కళ్లతో చూశాను. చూసి ఊరుకున్నాను. ముందు ఈ రెండు సంగతులూ చెప్పేస్తాను. మొదటిది పెట్టినవాడి సిగ్గు. రెండోది నాది.

ఆ రోజు కొరియాలో, ఇంచోన్ ఊళ్లో మేం పనిచేసే విశ్వవిద్యాలయం పుట్టినరోజు. నవంబరు చలి. గేటు నుంచి ఆడిటోరియం దాకా రంగు జెండాలు కట్టారు. పదింటికి డప్పులు, పదకొండింటికి కిమ్చీ, రెండింటికి పరుగు పందెం, అయిదింటికి పాటలు. పిల్లల తల్లిదండ్రులు వస్తారు, పత్రికలవాళ్లు వస్తారు. అందుకని అన్నిటికంటే ముఖ్యం కిమ్చీ, కారం పూసి ఊరేసే క్యాబేజీ. విశ్వవిద్యాలయం అధ్యక్షుడుగారూ, ఇంకో పదిమంది పెద్దలూ ఏప్రన్లు కట్టుకుని పేదల కోసం స్వయంగా కిమ్చీ పెడతారు. చలికాలానికి కిమ్చీ పెట్టడమంటే మా ఇళ్లలో రెండు రోజులు నడుం విరిగే పని. వాళ్లకి పది నిమిషాలు.

మిగతా రెండు రోజులు మావి. ముందురోజు మధ్యాహ్నం మేం పద్నాలుగు మందిమి, ఆ భవనాలు ఊడ్చి కడిగేవాళ్లం, అయిదొందల క్యాబేజీలు నిలువునా చీల్చి, ఉప్పునీళ్ల తొట్లలో నానేశాం. తెల్లారి తీసి మూడుసార్లు కడిగి వార్చాలి. దానితోపాటు రోజూ కడిగే మరుగుదొడ్లూ కడగాలి. ఇది ఎవరి పని అని మేం అడగలేదు. కాంట్రాక్టు కంపెనీ చెప్పింది, చేశాం.

ఏడున్నరకి సూపర్‌వైజర్ పెంగ్ వచ్చి, వేదిక మీద రిహార్సల్ అన్నాడు. అధ్యక్షుడుగారు మొదటి ముద్ద ఒక పేద వృద్ధురాలి నోట్లో పెడతారు, ఫొటో తీస్తారు. ఆ పేద వృద్ధురాలు ఎవరంటే మా జొమ్‌సున్ అక్క.

ఇది ఆమెకు దొరికిన శిక్ష. వారం కిందట ఖాళీ తరగతి గదిలో బూట్లు విప్పి, బల్ల మీద తల పెట్టి పావుగంట పడుకుంది. మాకు విశ్రాంతికని ఇచ్చిన చోటు మెట్ల కింద ఉంది. నెత్తిమీద మురుగు గొట్టం పోతుంది. పైన ఎవరు నీళ్లు వదిలినా మా అన్నంలోకి చప్పుడు దిగుతుంది. ఆ వాసనకి ఆమెకు తల తిరిగి పైకి వెళ్లింది. ఎవరో పెద్దమనిషి చూసి ఫొటో తీసి కంపెనీకి పంపాడు. ఈ ఉత్సవం అయిన మర్నాటి నుంచి పనివాళ్ల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు. అరవైమూడేళ్లు. ఇది పోతే మిగిలేది వీధుల వెంట బండి లాక్కుంటూ అట్టపెట్టెలు ఏరుకోవడమే. పెంగ్ ఆమెను పిలిచి అన్నాడట, "వేదిక మీద బుద్ధిగా ఉండు, నమస్కారం బాగా పెట్టు, నీ పేరు సంగతి అప్పుడు చూస్తా."

"నోరు ఇంకాస్త తెరువమ్మా," అంటున్నాడు పెంగ్. అధ్యక్షుడి బదులు తనే నిలబడ్డాడు. "ఆ పళ్లు లేని పక్క కెమెరాకి కనబడకూడదు. ఇటు తిరుగు. తిన్నాక కళ్లు మూసుకుని 'ఆహా' అను."

పెద్దల కోసం తెచ్చిన కొత్త గ్లౌజులు ఇంకా కట్ట విప్పలేదు. అందుకని పెంగ్ పక్కనున్న మా బకెట్ బండి పిడికి వేలాడుతున్న ఎర్ర గ్లౌజు లాగి తొడుక్కున్నాడు. కారం ముద్ద పూసిన ఆకు చుట్టి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

కంపెనీ మాకు ఒకే రకం ఎర్ర గ్లౌజులిస్తుంది. వాటిలో మరుగుదొడ్లకి వాడేవాటికి మణికట్టు దగ్గర నల్లటేపు రెండు చుట్లు చుడతాం. మాకంటే ముందు పనిచేసినవాళ్లు పెట్టిన గుర్తు అది. కొత్తగా వచ్చిన మనిషికి మొదటిరోజు మొదటి మాటగా చెబుతాం. పెంగ్ ఆరేళ్లుగా మా మీద సూపర్‌వైజరు. ఆయనకి తెలియదు. మా బకెట్‌లో చెయ్యి పెట్టినవాడు కాదు, మమ్మల్ని ఒక్క మాట అడిగినవాడూ కాదు.

జొమ్‌సున్ అక్క కళ్లు ఆ నల్లటేపు మీద ఒక్క క్షణం ఆగాయి. తర్వాత నోరు తెరిచింది.

"బాగా రాలేదు. మళ్లీ," అన్నాడు పెంగ్.

మూడుసార్లు పెట్టాడు. కెమెరా పట్టుకున్న విద్యార్థిని మూడుసార్లూ ఫొటో తీసింది. ఆ పిల్ల పేరు హారం. కింద తొట్ల దగ్గర నేనున్నాను. నా చేతిలో క్యాబేజీ ఉంది.  దాని ఆకులు సర్దుతూ ఉండిపోయాను.

నేను పూజలూ వ్రతాలూ ఉన్న మనిషిని. తెల్లవారుజామున నూటెనిమిది సాష్టాంగాలు చేయందే మంచినీళ్లు ముట్టను. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఇది ఎన్ని చేతులు దాటి వచ్చిందో తలుచుకోమని గుడిలో సన్యాసినులు నేర్పారు. పాతికేళ్లుగా తలుచుకుంటున్నాను. మరి ఆ పూట ఆ ముద్ద ఏ చేతిలోంచి వస్తోందో తెలిసి కూడా నేనెందుకు అరవలేదు? నా భక్తి అంతా నా కంచం దాకానేనా?

రిహార్సల్ అయ్యాక జొమ్‌సున్ అక్క దిగి నేరుగా మరుగుదొడ్డిలోకి వెళ్లింది. చాలాసేపు కుళాయి చప్పుడు వినబడింది. బయటికి వచ్చి, మొహం తుడుచుకుని, మళ్లీ తొట్టి దగ్గర కూర్చుంది.

"మెట్ల కిందికి రండి. అందరూ," అంది మ్యోంగ్జా.

మ్యోంగ్జా మాలో చిన్నది, యాభై రెండేళ్లు. బట్టల ఫ్యాక్టరీ మూసేస్తే ఇక్కడికి వచ్చింది. నోరు పెద్దది. ఆ గదిలో ఏడుగురే పడతారు. మిగతా ఏడుగురం మెట్ల మీద కూర్చున్నాం. పైన గొట్టంలో ఎవరివో నీళ్లు దొర్లిపోయాయి.

"పెద్దక్కా, ఆ గ్లౌజు ఏదో నీకు తెలుసా?" అడిగింది మ్యోంగ్జా.

"టేపు చుట్టింది నేనే. నిన్ననే చుట్టా," అంది జొమ్‌సున్ అక్క.

"తెలిసి ఎట్లా తెరిచావే నోరు!"

"నీ పేరు జాబితాలో ఉంది కాబట్టి నువ్వు అడుగుతున్నావు. నా పేరు లేదు కాబట్టి నేను తెరిచాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మింగలేదులే. బుగ్గలో పెట్టుకుని ఉమ్మేశా. పదకొండింటికి ఇంకొక్క ముద్ద. అయిపోతుంది. మీరెవరూ నాకోసం ఏం చెయ్యొద్దు."

  నేనన్నాను, "అక్కా, నేను చూశాను. టేపు కనబడింది. చెప్పలేకపోయాను."

మెట్ల మీద కూర్చున్న ఈబున్ ఒదిన తల దించుకుని, "నేనూ చూశా," అంది.

"నాకూ కనబడింది."

"నేనూ."

ఒకరి తర్వాత ఒకరు అంటూనే ఉన్నారు. పద్నాలుగు మందిలో చూడనిది ఒక్కతీ లేదు. ఇంతమందిమి చూశాం, ఇంతమందిమి ఊరుకున్నాం. ఆ మాట బయటపడ్డాక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేకపోయాం. కాని విచిత్రంగా, కాసేపటికి నాలో సిగ్గు తగ్గి కోపం మొదలైంది. ఇంతమందిని ఒకేసారి మూగవాళ్లని చేసింది ఏమిటి? మా పిరికితనం ఒక్కటే అయితే ఇంత సరిగ్గా అందరికీ సమానంగా ఎలా పంచారు?

"వినండి," అంది మ్యోంగ్జా. "తొమ్మిదింటికల్లా క్యాబేజీలు ఉప్పునీళ్లలోంచి తియ్యాలి. తియ్యకపోతే ఏమవుతుంది?"

"ఉప్పు కషాయం అవుతుంది. నోట పెట్టలేరు," అన్నారెవరో.

"అంతే. పదకొండింటికి ఆ పెద్దమనుషులు సముద్రాన్ని నములుతారు. మనం గొడవ చెయ్యక్కర్లేదు, అరవక్కర్లేదు. ఇక్కడే కాళ్లు చాపుకుని కూర్చుంటే చాలు."

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"అయిదొందల క్యాబేజీలు, మ్యోంగ్జా," అన్నాను. "పైనున్న పేటలో ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లే తిండి అది. చలికాలం అంతా వాళ్లకి అదే కూర. పాడుచేస్తే పాపం."

"నీ క్యాబేజీల సంగతి బుద్ధుడు చూసుకుంటాళ్లే. జొమ్‌సున్ అక్క సంగతి ఎవరు చూస్తారు? నువ్వా?"

"తిండి ఏం తప్పు చేసిందే?"

"మనమేం తప్పు చేశాం?"

"ఆపండెహె!" అంది ఈబున్ ఒదిన. "పెద్దాళ్లతో మనకెందుకు? రేపు పద్నాలుగు పేర్లూ కొట్టేస్తారు. అప్పుడు పద్నాలుగు బండ్లు లాగుదురుగాని, ఊళ్లో అన్ని అట్టపెట్టెలు ఉండాలిగా!"

"పద్నాలుగు పేర్లు ఒకేసారి కొట్టేస్తే రేపు ఈ పదకొండు అంతస్తుల లెట్రిన్లూ ఎవడు కడుగుతాడొదినా? పెంగ్‌గాడా? వాడికి గ్లౌజు ఏదో కూడా తెలీదు!"

ఈసారి ఈబున్ ఒదిన కూడా నవ్వింది. ఆ నవ్వులోనే ఏదో తెగింది.

గంటసేపు తగువు పడ్డాం. చివరికి నా మాట సగం, మ్యోంగ్జా మాట సగం నెగ్గాయి. క్యాబేజీలు తీసి కడుగుతాం, అవి ముసలివాళ్లవి. వేదిక మీదికి మాత్రం జొమ్‌సున్ అక్క ఒక్కతే వెళ్లదు. పద్నాలుగు మందిమి వెళతాం. నోరు తెరవమంటే తెరుస్తాం. తెరిచి ఒకే ఒక్క మాట అడుగుతాం.

జొమ్‌సున్ అక్క లేచి తొట్టి దగ్గరికి నడిచింది. మేమూ నడిచాం.

పదింటికి డప్పుల పిల్లలు ఎగురుతూ వచ్చారు. దారి పొడుగునా విద్యార్థులు అట్లు పోసి అమ్ముతున్నారు, బొమ్మలు గీస్తున్నారు, మొహాలకి రంగులు పూస్తున్నారు. తల్లిదండ్రులు ప్రతి చెట్టు ముందూ నిలబడి ఫొటోలు. ఎంత ముచ్చటగా ఉండేది, మా పిల్లలు కూడా అలా చదువుకుంటే! ఆ సంబరం మీద నాకు కోపం లేదు. ఆ సంబరంలో మమ్మల్ని కనబడనివ్వకుండా, కనబడితే బిచ్చగాళ్లలా మాత్రమే కనబడనివ్వడం మీదే నా రోత.

పదకొండింటికి అధ్యక్షుడుగారు వచ్చారు. తెల్ల ఏప్రన్ మీద 'పంచుకుంటేనే ప్రేమ' అని అచ్చు వేసి ఉంది. మేం కడిగి, వార్చి, కారం కలిపి వరసగా పెట్టిన ఆకుల మీద కొత్త గ్లౌజులతో అటూ ఇటూ రాశారు. ఒకాయన కారం కంట్లో పడిందని తడి కాగితాలతో ఇద్దరిచేత తుడిపించుకున్నాడు. ఇంకొకావిడ వాసన అని మొహం తిప్పుకుని, కెమెరా వచ్చేసరికి నవ్వింది. పది నిమిషాలు అయింది.

"ఇప్పుడు మన పొరుగునే ఉంటున్న ఒక పేద అమ్మకి, అధ్యక్షుడుగారు తమ చేత్తో మొదటి ముద్ద!" అని మైకులో కేక.

జొమ్‌సున్ అక్క ఎక్కింది. వెనకే మేం పదముగ్గురం ఎక్కాం. పెంగ్ కళ్లెర్రజేసి చేత్తో దిగండి దిగండి అంటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. పేదవాళ్లు ఇంకా వచ్చారనుకున్నారు.

అధ్యక్షుడుగారు వంగి ఎంతో ప్రేమగా అడిగారు, "ఏ పేట నుంచి వచ్చారమ్మా?"

"మీ మూడో అంతస్తు నుంచండీ," అంది జొమ్‌సున్ అక్క.

"అంటే?"

"మీ గదికి ఎదురుగా ఉన్న బాత్రూం తొమ్మిదేళ్లుగా నేనే కడుగుతున్నానండీ. రోజూ దణ్ణం పెడతాను. మీరు ఫోన్‌లో ఉంటారు."

ముందువరసలో విద్యార్థులు గొల్లుమన్నారు. అధ్యక్షుడు కూడా నవ్వేసి, ఆకు చుట్టి ఆమె నోటి దగ్గర పెట్టారు. "మంచిది, మంచిది. నోరు తెరవండి."

ఆమె తెరిచింది. "రేపు నేను పనికి రావచ్చాండీ?"

ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. కెమెరాలు చూస్తున్నాయి. ఆయన తెలివిగా పక్కకి జరిగి, ఆ ముద్ద పక్కనున్న నా ముందు పెట్టారు.  నేనూ నోరు తెరిచాను. "అక్క రేపు పనికి రావచ్చాండీ?"

తర్వాత ఈబున్ ఒదిన. అదే మాట, గట్టిగా. ఆ తర్వాతది, ఆ తర్వాతది. ఒకే ముద్ద పట్టుకుని ఆయన మా వరస పొడుగునా నడవాల్సి వచ్చింది. వేళ్ల సందుల్లోంచి కారం నీళ్లు తెల్ల ఏప్రన్ మీద కారుతున్నాయి. ఎవరో పాట పెద్దది చేశారు. మ్యోంగ్జా మైకు లాక్కుంది.

"పిల్లల్లారా, తల్లుల్లారా! మేం పేద పొరుగువాళ్లం కాదు, మీ పనివాళ్లం! బల్ల మీద పావుగంట తల వాల్చిందని ఈ అక్క కూడు తీసేశారు. పొద్దున్న రిహార్సల్‌లో ఇదుగో ఈ సూపర్‌వైజరుగారు లెట్రిన్ కడిగే గ్లౌజుతో ఈమె నోట్లో ముద్ద పెట్టారు. మూడుసార్లు! నల్లటేపు ఉంటే బాత్రూం గ్లౌజు. మా అందరికీ తెలుసు. మమ్మల్ని ఏలే ఆయనకి తెలీదు!"

"అబద్ధం!" అన్నాడు పెంగ్.

హారం వేదిక కిందనుంచి కెమెరా పైకెత్తింది. ఆ పిల్ల పాలిపోయిన మొహంతో జొమ్‌సున్ అక్కని చూసింది. "అబద్ధం కాదు. నా ఫొటోల్లో టేపు ఉంది. అదేమిటో నాకు తెలీదు పిన్నీ... బాగా నవ్వండి అని కూడా అన్నాను." ఏడుస్తూనే కెమెరా పక్కవాళ్ల చేతికిచ్చింది. అది చేతులు మారుతూ వెనక్కి పోయింది. రుచి చూడమని పెట్టిన కిమ్చీ తింటున్న ఒక తల్లి చప్పున కాగితంలోకి ఉమ్మేసింది.

మ్యోంగ్జా మా బకెట్ బండికున్న నల్లటేపు గ్లౌజు తెచ్చి పెంగ్ ముందు పెట్టింది. "ఏం లేదు పెంగ్‌గారూ. ఇది తొడుక్కుని మీరు ఒక్క ముద్ద తినండి. కళ్లు మూసుకుని 'ఆహా' అనండి చాలు. మేం దిగిపోతాం."

పెంగ్ వెనక్కి అడుగేశాడు.

అప్పుడు నేను అధ్యక్షుడిగారినే చూస్తున్నాను. గ్లౌజు మాట వినగానే ఆయన ముందు చూసుకున్నది తన మణికట్టు. టేపు లేదు. హమ్మయ్య అని ఊపిరి వదిలారు. పొద్దున్నుంచి చూసిన అన్నిటికంటే ఆ ఊపిరికి నాకు ఎక్కువ వెలపరం వచ్చింది. ఆయన చెడ్డవాడని నేననను. ఆమె నోటి కంటే తన చెయ్యి ముందు గుర్తొచ్చింది, అంతే. ఇలాంటి చెయ్యి దానం చేస్తే పుణ్యం వస్తుందా? గుడికి వెళ్లినప్పుడు అడగాలి.

పెద్దలు వెనక తలుపులోంచి వెళ్లిపోయారు. మేం వెళ్లలేదు, వేదిక కింద తొట్ల మధ్య కూర్చున్నాం. కడిగిన క్యాబేజీలు అలా వదిలేస్తే పాడైపోతాయని మిగతా కారం పూయడం మొదలుపెట్టాను. హారం చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత డప్పుల పిల్లలు వచ్చారు. హాస్టల్ వంటింటి ఆడవాళ్లు వచ్చారు. పరుగు పందెం నంబర్లు గుండెల మీద అంటించుకున్న పిల్లలు పరిగెత్తడం మానేసి డబ్బాలు మోశారు.

"ఆకు ఆకుకీ మధ్యలో పుయ్యాలి, పైపైన కాదు. అధ్యక్షుడిలా చెయ్యకండ్రా!" అని ఈబున్ ఒదిన గసురుతోంది.

మమ్మల్ని ఈడ్చెయ్యమని పెంగ్ వాచ్‌మన్లకి చెప్పాడు. వాళ్లూ అరవై దాటినవాళ్లే, అదే కంపెనీవాళ్లే. "మా నడుములు బాగోలేవండీ," అన్నాడు ఒకాయన, గోడకి ఆనుకుని.

మూడున్నరకి పోలీసులు వచ్చారు. పని అడ్డుకున్నామని కంపెనీ ఫిర్యాదు. మ్యోంగ్జాని చెరో రెక్కా పట్టుకుని వ్యాను దగ్గరికి తీసుకెళ్లారు. మేమంతా వెనకే వెళ్లాం, చేతులనిండా కారంతో.

అప్పుడు పెంగ్ పరుగున వచ్చి జొమ్‌సున్ అక్కని పక్కకి పిలిచాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను. చేతిలో కాగితం ఉంది. గొంతు తగ్గించి, మొదటిసారి మర్యాదగా మాట్లాడాడు. "చూడండమ్మా, ఇప్పుడే కంపెనీతో మాట్లాడాను. మీ పేరు జాబితాలో ఉంటుంది. రేపు ఆరింటికి రండి. ఇక్కడ సంతకం పెడితే చాలు. ఇదంతా మ్యోంగ్జా రెచ్చగొట్టి చేయించిందని."

పొద్దున్నుంచి మేం అడిగింది అదే. రేపు రావచ్చా అని. రావచ్చన్నాడు.

ఆమె ఆ కాగితం చదివింది. ఆ కొద్దిసేపట్లో నేను ఆమెను ఏమీ అనుకోకూడదనుకున్నాను. సంతకం పెట్టినా అనుకోకూడదనుకున్నాను. అట్టపెట్టెల బండి ఎంత బరువుంటుందో లాగేవాళ్లకే తెలుసు.

"పెంగ్‌గారూ," అంది ఆమె, "పొద్దున్న మీ గ్లౌజు నోట్లో పెట్టుకున్నాను. ఇది మాత్రం నా వల్ల కాదు."

వ్యాను దగ్గరికి నడిచింది. తలుపు దగ్గర కుర్ర పోలీసు ఉన్నాడు. "బాబూ, ఇందులో ఎన్ని సీట్లు?"

"పదకొండమ్మా. ఎందుకు?"

"మేం పద్నాలుగు మందిమి. ఇంకో బండి పిలు."

"మాకు కావాల్సింది ఆవిడ ఒక్కతే అమ్మా."

"ఆవిడ ఒక్కతే అడగలేదుగా. మొదట అడిగింది నేను." పక్కకి జరగమని అతన్ని మోచేత్తో తోసి, చొక్కాకి కారం అంటకుండా చూసి, మెట్టెక్కి మ్యోంగ్జా పక్కన కూర్చుంది.

నేనెక్కాను. ఈబున్ ఒదిన, "జరగండే, నాకు కిటికీ పక్కన కావాలి, కడుపులో తిప్పుతుంది," అంటూ ఎక్కింది. వెనక హాస్టల్ వంటింటివాళ్లు, డప్పుల పిల్లలు, నంబర్ల పిల్లలు వరస కట్టారు. ఆ వరస ఆడిటోరియం మలుపు దాటి ఎక్కడిదాకా ఉందో నాకు కనబడలేదు.

"రెండు బండ్లు చాలవండీ," అంటోంది హారం ఆ కుర్రాడితో, "బస్సులు పిలవండి."

అతను మా మొహాలూ చూశాడు, వరసా చూశాడు. వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని, పైవాళ్లకి ఏం చెప్పాలో తెలియక అలాగే నిలబడ్డాడు.